నాలుగు అంగుళాల ప్రయాణం: మెర్క్యురీ-రెడ్‌స్టోన్ 1, ఒక ఎర్తింగ్ కేసు

ఎర్తింగ్ గురించి కొత్తగా చేరినవాళ్ళకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ముందు వాళ్ళ చేతికి ఒక మూడు పిన్నుల ప్లగ్గు ఇస్తాను. పై పిన్ను లావుగా ఎందుకుందని అడిగితే, వేరే రంధ్రంలో దూరకుండా అని వెంటనే చెప్పేస్తారు. పొడుగ్గా ఎందుకుందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు ఈ రాకెట్ సంగతి ఎత్తుకుంటాను.

1960 నవంబర్ 21 ఉదయం, అమెరికాలోని ఫ్లోరిడాలో, కేప్ కెనవెరల్ 5వ నంబరు లాంచ్ ప్యాడ్ మీద ఒక రాకెట్ ఇంజన్ వెలిగింది. 83 అడుగుల ఎత్తు, దాదాపు 30 టన్నుల బరువు. రాకెట్ సుమారు నాలుగు అంగుళాలు లేచింది. అంతలో ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. లేచిన రాకెట్ మళ్ళీ తన పీట మీదే కూర్చుంది. పేలలేదు, ఒరగలేదు. మనిషిని అంతరిక్షం దాకా తీసుకెళ్ళడానికి నాసా సిద్ధం చేసుకున్న మెర్క్యురీ-రెడ్‌స్టోన్‌కి అదే తొలి ప్రయోగం. లోపల మనిషి లేడు.

నేను రాకెట్ల మనిషిని కాను. హైదరాబాద్‌లో టెస్ట్ బెంచీలకీ కంట్రోల్ ప్యానెళ్ళకీ వైరింగ్ డిజైన్ చేస్తాను, 20 ఏళ్ళ పైనుంచి ఇదే పని. కానీ నా పనికి ఇంత దగ్గరగా వచ్చిన కేసు నాకు ఇంకొకటి దొరకలేదు. ఇంధనం, పంపులు, ఇంజన్, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక కేబుల్ పొడవు దగ్గర పని మొత్తం ఆగింది.

క్షిపణికి కొత్త కొలువు

రెడ్‌స్టోన్ అసలు సైనిక క్షిపణి. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని రెడ్‌స్టోన్ ఆర్సెనల్ అనే సైనిక కేంద్రంలో, జర్మనీ నుంచి వచ్చిన రాకెట్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ బ్రౌన్ బృందం రూపొందించింది, క్రైస్లర్ కంపెనీ తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ప్రయోగించిన వీ-2కి ఇది నేరుగా వారసురాలు. 1953 ఆగస్టు 20న మొదటిసారి ఎగిరింది. ఇంధనం మూడు వంతులు ఇథైల్ ఆల్కహాల్, ఒక వంతు నీళ్ళు. దాన్ని మండించడానికి ద్రవ ఆక్సిజన్. ఈ రెండింటినీ ఇంజన్‌లోకి తోసే పంపుని హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి వచ్చే ఆవిరి తిప్పుతుంది. మంట బయటికొచ్చే చోట కార్బన్ రెక్కలు నాలుగుంటాయి. అవి తిరిగితే మంట దిశ మారి రాకెట్ దారి మారుతుంది. ఈ రోజు చూస్తే మోటుగా కనిపిస్తుంది కానీ నమ్మకమైన బండి. అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ని 1958 జనవరి 31న మోసుకెళ్ళిన జూనో-1కి అడుగు దశ ఈ కుటుంబానిదే.

మనదేశంలో ఈ వరస తిరగబడిందని విద్యార్థులకి చెబితే ఆశ్చర్యపోతారు. మనం ముందు ఉపగ్రహాలు పంపే ఎస్‌ఎల్‌వీ-3 చేసుకున్నాం. దాని మొదటి దశే తర్వాత అగ్ని క్షిపణికి అడుగు దశ అయింది. 1989 మే 22న చాందీపూర్‌లో ఎగిరిన ఆ తొలి అగ్ని వెనక మా హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఉంది. అక్కడ అమెరికాలో మాత్రం సైన్యం గోడౌన్ నుంచి అంతరిక్షంలోకి దారి తీశారు.

ఆ దారి తేలిక కాదు. క్షిపణి గురి తప్పితే ఇంకొకటి వేస్తారు. లోపల మనిషి కూర్చుంటే ఆ లెక్క చెల్లదు. మెర్క్యురీ కోసం ట్యాంకుల్ని పొడిగించారు. 121 సెకన్లు మండే ఇంజన్ 143 సెకన్లు మండేలా చేశారు. జూనోలో వాడిన హైడైన్ అనే ఇంధనం విషపూరితమని మళ్ళీ ఆల్కహాల్‌కే వచ్చారు. రాకెట్‌కి దారి చూపే గైడెన్స్‌ని కావాలనే సులువు చేశారు. ప్రమాదం పసిగట్టే వ్యవస్థ కొత్తగా పెట్టారు. అన్నీ కలిపి దాదాపు 800 మార్పులు. అంత మార్చిన రాకెట్ దగ్గర సైనిక రెడ్‌స్టోన్‌కి చేసిన కేబుల్ ఒకటి మిగిలిపోయింది. అది రాకెట్ లోపలిది కూడా కాదు. ప్యాడ్ నుంచి రాకెట్ తోక దాకా వచ్చేది.

ఆ ఉదయం

ఉదయం 9 గంటలు. కంట్రోల్ రూములో టీవీ ముందున్నవాళ్ళకి పొగ కనిపించింది, ఏదో సర్రున పైకి దూసుకుపోయింది. రాకెట్ ఎంత వేగంగా వెళ్ళిందో అనుకుని కళ్ళు ఆకాశం వైపు తిప్పారు. పొగ విడిపోయాక చూస్తే రాకెట్ ప్యాడ్ మీదే ఉంది. ఎగిరిపోయింది దాని నెత్తిమీదున్న ఎస్కేప్ టవర్ ఒక్కటే. ప్రమాదం వస్తే, మనిషి కూర్చునే గదిని, అంటే క్యాప్సూల్‌ని, లాక్కుని దూరంగా పారిపోవాల్సిన చిన్న రాకెట్ అది. క్యాప్సూల్‌ని అక్కడే వదిలేసి ఒంటరిగా సుమారు 4,000 అడుగులు ఎగిరి, ప్యాడ్‌కి 400 గజాల దూరంలో పడింది.

అక్కడితో ఆగలేదు. మూడు సెకన్ల తర్వాత క్యాప్సూల్ కొనలో నుంచి చిన్న పారాషూట్ బయటికొచ్చింది. దాని వెనకే పెద్దది. ఆ వెనకే అత్యవసరానికి ఉంచిన రెండోది. అవన్నీ రాకెట్ పక్క నుంచి కిందికి వేలాడుతూ ఉన్నాయి.

ఈ చిత్రాన్ని ఒక్క నిమిషం మనసులో నిలుపుకోండి. ట్యాంకుల నిండా ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్. ప్యాడ్ నుంచి వచ్చే కేబుళ్ళన్నీ ఊడిపోయాయి కాబట్టి బంకర్‌లో ఏ స్విచ్ నొక్కినా రాకెట్‌కి చేరదు. రాకెట్‌ని గాలిలో పేల్చేయడానికి పెట్టిన విధ్వంసక వ్యవస్థ ఇంకా మెలకువగానే ఉంది, బ్యాటరీ అయిపోయే దాకా దాన్ని ఆపే మార్గం లేదు. కింద పట్టి ఉంచేది ఏమీ లేదు. పక్కన వేలాడుతున్నది 63 అడుగుల పారాషూట్. సముద్రపు గాలి కాస్త గట్టిగా వీచి దాన్ని నింపితే రాకెట్ మొత్తం ఒరుగుతుంది.

ఏం చేయాలన్న దాని మీద తలో మాట వచ్చింది. ఎవరైనా వెళ్ళి కేబుల్ మళ్ళీ తగిలిస్తే? క్రేన్ మీద ఎక్కి పారాషూట్ తాళ్ళు కోస్తే? రైఫిల్‌తో కాల్చి ట్యాంకుకి చిల్లు పెట్టి పీడనం తగ్గిస్తే? ఫ్లైట్ డైరెక్టర్ క్రిస్ క్రాఫ్ట్‌కి ఇవేవీ నచ్చలేదు. ఏం చేయాలో తెలియనప్పుడు ఏమీ చేయకూడదన్న నియమాన్ని ఆయన ఈ సంఘటనతో ముడిపెట్టే చెప్పేవారు. బూస్టర్ కన్సోల్ దగ్గరున్న ఇంజనీరు కంగారులో తనవాళ్ళతో జర్మన్‌లో మాట్లాడేస్తుంటే ఆయనకి చిర్రెత్తుకొచ్చిందన్నది కూడా ఆయన చెప్పిందే. చివరికి తెల్లారేదాకా ఆగుదామన్నారు. బ్యాటరీలు నీరసించే దాకా, ద్రవ ఆక్సిజన్ ఆవిరైపోయే దాకా అలాగే ఉంచారు. గాలి కూడా కనికరించింది. మర్నాడు ఉదయం మనుషులు దగ్గరికెళ్ళి రాకెట్‌ని నిద్రపుచ్చారు.

ఈ ఆగడం గురించి వృత్తిపరంగా ఒక మాట చెప్పాలి. ప్యానెల్ ఏదో వింతగా ప్రవర్తించినప్పుడు మనవాళ్ళు ముందు మెయిన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు. దాంతో జరిగిందానికున్న సాక్ష్యం చెరిగిపోతుంది, కొన్నిసార్లు అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. కేప్‌లో ఆ రోజు ఎవరూ చేయి పెట్టలేదు కాబట్టే రాకెట్ చెక్కుచెదరకుండా దక్కింది, రికార్డులు దక్కాయి, కారణం త్వరగా దొరికింది.

29 మిల్లీసెకన్లు

రాకెట్ తోక దగ్గర రెండు కేబుళ్ళు ప్యాడ్‌కి కలిసి ఉంటాయి. ఒకటి కంట్రోల్ కేబుల్, సంకేతాలు మోసేది. రెండోది పవర్ కేబుల్, కరెంటుతో పాటు ఎర్త్‌నీ ఇచ్చేది. రాకెట్ లేవగానే ముందు కంట్రోల్ కేబుల్ ఊడాలి, తర్వాత పవర్ కేబుల్ ఊడాలి. ఆ వరసని కాపాడేది వాటి పొడవే. వేరే తాళం ఏమీ లేదు.

ఆ రోజు వాడిన కంట్రోల్ కేబుల్ సైనిక రెడ్‌స్టోన్‌ది, మెర్క్యురీకి ఉండాల్సిన దానికంటే పొడుగు. ఆ సంగతి తెలిసే, మిగులు పొడవుని లాగి క్లాంపుతో బిగించారు. రాకెట్ లేచే అదురులో ఆ బిగింపు అనుకున్నట్టు పనిచేయలేదు. పవర్ కేబుల్ ముందు ఊడిపోయింది. కంట్రోల్ కేబుల్ 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఊడింది.

కన్నురెప్ప వేయడానికి పట్టే సమయంలో అది మూడో వంతు కూడా ఉండదు. కానీ రిలేకి, అంటే కాయిల్‌లో కరెంటు పారితే పనిచేసే స్విచ్‌కి, అది చాలా ఎక్కువ. ఆ కాస్సేపూ రాకెట్ సర్క్యూట్లకి ఎర్త్ లేదు, కంట్రోల్ కేబుల్ మాత్రం తగిలే ఉంది. తిరుగు దారి తెగిన కరెంటు ఊరుకోదు. ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇక్కడ దొరికిన దారి ఇంజన్ ఆపే రిలే కాయిల్ గుండా పోయింది. రిలే లాగింది, ఇంజన్ ఆగింది.

ఈ కరెంటు నడిచిన దారిని ఏ ఇంజనీరూ కావాలని గీయలేదు. ప్రతి వైరూ డ్రాయింగ్‌లో ఉంది. ప్రతి రిలే సరైనదే, ఏ పార్టూ చెడిపోలేదు. వైర్లు ఒక వరసలో విడిపోతే ఆ దారి లేదు, ఇంకో వరసలో విడిపోతే ఉంది. అందుకే అంతకు ముందు డజన్ల కొద్దీ రెడ్‌స్టోన్‌లు ఎగిరినా ఇది ఎవరికీ కనపడలేదు. ఇలాంటి దారిని స్నీక్ సర్క్యూట్ అంటారు. మన ఎలక్ట్రీషియన్లు ‘రిటర్న్ కొడుతోంది’ అంటారే, దాని అన్నలాంటిది.

న్యూట్రల్ పోయిన రాత్రి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. స్తంభం మీద న్యూట్రల్ తెగితే కరెంటు పోదు. ఒక ఇంటి ఫేజు ఇంకో ఇంటి సామాన్ల గుండా తిరుగు దారి చేసుకుంటుంది. ఒక ఇంట్లో బల్బు వెలుగు మసకబారితే పక్కింట్లో టీవీ కాలిపోతుంది. ఎవరి టీవీలోనూ లోపం లేదు. ఉమ్మడి దారి ముందు తెగడమే లోపం. అందుకే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉంటుంది. దూర్చేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలి, లాగేటప్పుడు అన్నిటికంటే ఆఖరున విడవాలి.

మిగతా భాగాలన్నీ తమకి చెప్పిందే చేశాయి. నన్ను ఎక్కువగా కుదిపేది ఇదే. కట్‌ఆఫ్ రిలే లాగగానే ‘ఇంజన్ మామూలుగా ఆగింది’ అన్న సంకేతం క్యాప్సూల్‌కి వెళ్ళింది. మామూలుగా అయితే అది 140 సెకన్ల తర్వాత, చాలా ఎత్తులో రావాల్సిన మాట. క్యాప్సూల్ నమ్మింది. ఇక టవర్ అవసరం లేదని దాన్ని వదిలేసింది. తర్వాత రాకెట్ నుంచి తను విడిపోవాలి, అయితే భారం తెలియని స్థితి వస్తేనే విడిపోవాలని దానికి చెప్పి ఉంది. ప్యాడ్ మీద కూర్చున్న క్యాప్సూల్‌కి మన అందరి లాగే పూర్తి బరువు తెలుస్తోంది, కాబట్టి విడిపోలేదు. టవర్ పోయింది. గాలి పీడనం చూస్తే 10,000 అడుగుల కంటే కిందే ఉన్నట్టు తెలుస్తోంది. అంటే దిగుతున్నామన్నమాట, పారాషూట్ తెరవాలి. తెరిచింది. పెద్ద పారాషూట్ తాళ్ళ మీద లాగుడు తగల్లేదు. అది తెరుచుకోలేదేమో అని రెండోదాన్ని కూడా వదిలింది. ఒక్క తప్పు మాట చెవిన పడితే, నిజాయితీగా పనిచేసే యంత్రం వరసగా ఇన్ని సరైన పనులు చేసింది. ప్రమాదం పసిగట్టే వ్యవస్థ ఆ రోజు సమాచారం ఇవ్వడానికే తప్ప తానుగా చర్య తీసుకోకుండా అమర్చి ఉంది, కాబట్టి అదీ కలగజేసుకోలేదు.

మా బెంచీ మీద

ఈ కేసు నేను చాలా ఏళ్ళ కిందటే చదివాను. చదవడం వేరు, గుర్తుపట్టడం వేరు.

ఒక ప్రైవేటు యూనిట్‌లో హైడ్రాలిక్ పంపులు పరీక్షించే బెంచీ ఉండేది. పంపుని ట్రాలీ మీద బిగించి లోపలికి తోస్తారు, పరీక్ష అయ్యాక ట్రాలీ బయటికొచ్చేటప్పుడు దాని వెనకున్న రెండు కనెక్టర్లు వాటంతటవే ఊడతాయి. 24 వోల్టుల డీసీ. ఒక దాంట్లో సంకేతాలు, ఇంకో దాంట్లో సప్లై, దాని తిరుగు దారి అయిన కామన్. ఎప్పుడో ఒకసారి, ట్రాలీ బయటికొస్తుండగా పంపుని పట్టుకున్న క్లాంపు దానంతటదే వదిలేసేది. ఒకరోజు పంపు బాడీ జారి ప్లాట్‌ఫాం మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మూడు రోజులు బెంచీని నడిపే చిన్న కంప్యూటర్, పీఎల్‌సీ ప్రోగ్రాం చూశాను. వాల్వ్ మార్పించాను. ఏమీ తేలలేదు. నాలుగో రోజు సాయంత్రం షెడ్డులో లైట్లు సగం ఆపేశారు. ట్రాలీ లాగుతుంటే, వెలగకూడని పచ్చ ఇండికేటర్ దీపం ఒక్క క్షణం మిణుగురులా మసకగా వెలిగి ఆరింది. పగటి వెలుతురులో అది కనపడే అవకాశమే లేదు. ఒళ్ళు జలదరించింది. మసక దీపం అంటే కరెంటు దానిగుండా ఎక్కడికో పోతోందని అర్థం.

పెద్ద ఫిట్టరుగారిని పిలిచి కనెక్టర్ వెనక ఏమైనా చేశారా అని అడిగాను.

“కామన్ వైరు కొస కాలిపోతే కోసి కొత్త లగ్గు క్రింప్ చేశాం సార్. నాలుగు నెలలైంది.”

“ఎంత కోశారు?”

“జానెడు కూడా లేదు సార్. మిగతాదంతా మామూలే.”

జానెడు చాలు. ఆ కేబుల్ బిగుతుగా అయి, కామన్ ఉన్న కనెక్టర్ ముందు ఊడుతోంది. సంకేతాల కనెక్టర్ ఇంకా తగిలే ఉంది. తిరుగు దారి లేని కరెంటు ఇండికేటర్ దీపం గుండా క్లాంపు రిలేలోకి వెళ్ళింది. ఆయన తప్పేమీ లేదు, చేసిన క్రింప్ అద్దంలా ఉంది. ఊడే వరస పొడవు మీద ఆధారపడి ఉందని డ్రాయింగ్‌లో ఎక్కడా రాసి లేదు. రాయాల్సింది డిజైన్ చేసేవాళ్ళం మేము.

క్లాంపు బిగించిన చేతుల్ని కేప్ కేసులో కూడా నేను తప్పు పట్టను. పొడవు తేడా చూసి దానికి ఏదో ఒకటి చేశారంటే జాగ్రత్త ఉన్న మనుషులే. కేబుల్ మార్చడాన్ని చిన్న సర్దుబాటుగా చూశారు, దాంతో పాటు వరస మారుతుందా అని పరీక్షించి చూడలేదు. రెండూ ఒకే పని అని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఏం మార్చారు

రెండు మార్పులు. మొదటిది సుమారు 12 అంగుళాల ఎర్త్ పట్టీ. రాకెట్ తోకకీ ప్యాడ్‌కీ మధ్య కట్టారు, మిగతా కనెక్షన్లన్నీ ఊడిన తర్వాతే అది విడిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులోని పొడుగు పిన్నే ఇది. రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. బయల్దేరిన తర్వాత సుమారు 130 సెకన్లు గడిచేదాకా ‘మామూలుగా ఆగింది’ అన్న మాట క్యాప్సూల్‌కి చేరకుండా సర్క్యూట్ మార్చారు. ఒకటి కారణాన్ని తీసేసింది. రెండోది, అలాంటి తప్పు మాట ఇంకే దారిలో పుట్టినా ప్యాడ్ మీద టవర్ ఎగరకుండా చూసింది. సంకేతం రావడానికి వేళ కానప్పుడు దాన్ని నమ్మొద్దని యంత్రానికి నేర్పడం అది. మొదటి మార్పుతోనే తృప్తిపడి ఇంటికెళ్ళే డిజైనర్లని నేను చాలామందిని చూశాను.

1960 డిసెంబర్ 19న అదే క్యాప్సూల్‌ని ఇంకో రాకెట్ మీద పెట్టి మెర్క్యురీ-రెడ్‌స్టోన్ 1ఏ పేరుతో పంపారు. 210 కిలోమీటర్ల ఎత్తుకెళ్ళి సముద్రంలో దిగింది. 1961 జనవరి 31న హామ్ అనే చింపాంజీ వెళ్ళి క్షేమంగా వచ్చింది, కానీ రాకెట్ అనుకున్నదానికంటే వేగంగా పోయింది. ఫాన్ బ్రౌన్ బృందం మార్చి 24న ఇంకో ఖాళీ ప్రయోగం చేసి చూసుకుంది. ఈలోగా ఏప్రిల్ 12న గగారిన్ వెళ్ళొచ్చాడు, ఆయన ఎక్కిందీ ఆర్-7 అనే క్షిపణి నుంచి పుట్టిన రాకెట్టే. మే 5న అలాన్ షెపర్డ్ రెడ్‌స్టోన్ మీద 187 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చాడు. నాలుగు అంగుళాలు లేచిన రాకెట్‌ని హంట్స్‌విల్‌కి పంపి బాగుచేశారు. దాన్ని మళ్ళీ ఎగరేయలేదు.

స్నీక్ సర్క్యూట్లని వెతకడం ఒక పద్ధతిగా స్థిరపడడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. 1967లో బోయింగ్ సంస్థ నాసా కోసం ఆ పని చేసింది. ప్రతి స్విచ్ తెరుచుకున్నప్పుడూ మూసుకున్నప్పుడూ కరెంటుకి ఎన్ని దారులున్నాయో గీసి చూడడం దాని సారం. మా పనిలో అంత పెద్ద విశ్లేషణకి సమయం ఉండదు. నేను చేసేది చిన్నది. ఊడే కనెక్టర్లున్న ప్రతి డ్రాయింగ్‌లో ఏది ముందు ఊడాలి, ఎన్ని మిల్లీమీటర్ల తేడా ఉండాలి అని రెండు గడులు పెడతాను. కేబుల్ ఎవరు ముట్టుకున్నా ఆసిలోస్కోప్ తగిలించి ట్రాలీని పదిసార్లు లాగి చూస్తాం, కామన్ ప్రతిసారీ ఆఖరునే ఊడాలి.

ఆ ఫిట్టరుగారు ఇంకా మాతోనే పనిచేస్తున్నారు. కొత్త కేబుల్ చేసినప్పుడల్లా దాన్ని పాతదాని పక్కన బల్ల మీద పరిచి, రెండు కొసలూ చేత్తో సరిచేసి, టేపు పట్టి కొలిచి, అంకె కేబుల్ మీదే మార్కర్‌తో రాస్తారు.